ఫుట్‌బాల్ మాస్టారి కృషిని గ్రంథస్థం చేయడం ఎలా?

గుంటూరులోని ఉన్నత పాఠశాలలో ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ నేర్పి పదవీ విరమణ చేస్తున్న డ్రిల్ మాస్టారికి శాలువా కప్పడం ఒక్క పూట పని. ఆయన కృషిని నమోదు చేయడానికి మాత్రం కనీసం రెండు నెలల ముందే పూనుకోవాలి.

మొదట ఆటల గది బీరువాలోని జట్ల జాబితాలను, ప్రశంసాపత్రాలను వెలికితీయండి. గ్రూపు ఫోటోలను మాస్టారి ముందు పెట్టి, ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరి పేరూ అడిగి, వెనకవైపు మెత్తని పెన్సిలుతో తేలికగా రాయండి. బాల్‌పెన్నుతో ఒత్తి రాస్తే ముందువైపు బొమ్మ మీద గీతలు తేలతాయి.

తరువాత పాత విద్యార్థులను బ్రహ్మానందరెడ్డి స్టేడియానికి రప్పించి, వారి మాటలను ఫోనులో రికార్డు చేయండి. “మాస్టారు చాలా గొప్పవారు” అన్న దగ్గర ఆగిపోకుండా, ఎండలో ఎన్ని రౌండ్లు పరిగెత్తించేవారు, బూట్లు లేనివాడి సంగతి ఎలా చూసేవారు, ఓడిన రోజు తిరుగు బస్సులో ఏమన్నారు అని గుచ్చి గుచ్చి అడగాలి. జట్టులో చోటు దక్కక బెంచీ మీదే మిగిలిపోయిన పిల్లవాడి సాక్ష్యమే, నా దృష్టిలో, అన్నిటికన్నా విలువైనది.

కప్పుల లెక్క ఒక్క పేజీ దాటనక్కర్లేదు. అలాగని బడి మైదానాన్ని చిన్నచూపు చూడకండి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణాలు తెచ్చిన శిక్షకుడు, హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం కూడా ఒకప్పుడు బడిపంతులే.

పూర్తయిన సంపుటిని ఒక ప్రతి పాఠశాల గ్రంథాలయానికి, మరొకటి మాస్టారింటికి చేర్చండి.