బాల్య వివాహాల మీద బొంత కుట్టి చూడండి

ముందు విషయాన్ని బాగా తగ్గించుకోండి. "ఆడపిల్లల సమస్యలు" అనుకుంటే గుడ్డ మీద ఏమీ పట్టదు, "పదో తరగతి పరీక్షలు అవగానే పెళ్లి చేసేస్తున్నారు" అనుకుంటే ఏం కుట్టాలో వెంటనే తెలుస్తుంది.

చిలీలో 1973 సైనిక కుట్ర తర్వాత ఎంతోమంది మాయమైపోతుంటే, శాంటియాగో ఆడవాళ్లు ఆ సంగతులన్నీ గోనెగుడ్డ మీద పీలికలతో బొమ్మలుగా కుట్టారు. వాటిని ఆర్పియేరాలంటారు. కొందరైతే కనిపించకుండా పోయిన తమవాళ్ల బట్టలనే కత్తిరించి వాడారు, ఆ కుట్టుపని దేశం దాటి బయటివాళ్లకు అక్కడ ఏం జరుగుతోందో చెప్పింది. అందుకే షాపులో కొత్త గుడ్డ కొనకండి. మీ బొంత మధ్యలోకి నిజంగా ఒక పిల్ల వేసుకున్న స్కూల్ యూనిఫాం కావాలి, జేబుతో సహా.

పాత కాటన్ చీర మూడు పొరలుగా మడిచి అడుగున వేస్తే చాలు. పైన 12 గళ్లు, అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు. ఒక్కో ముక్క 13 అంగుళాలు కత్తిరించండి, చుట్టూ అరంగుళం కుట్టులోకి పోతుంది. ఎర్ర గుడ్డలుంటే ముందే ఉప్పునీళ్లలో నానబెట్టి ఉతికి చూడండి, రంగు దిగితే పక్కన పెట్టేయండి, లేకపోతే అందరి కష్టమూ పాడవుతుంది.

నడుమ రెండు గళ్లు కలిపి యూనిఫాం అతికించండి. మిగతా పదీ మహిళా సంఘంలో చిన్నప్పుడే పెళ్లయినవాళ్లకు ఇచ్చి, "పెళ్లితో నీకేం ఆగిపోయిందక్కా?" అని అడగండి. సైకిల్ అంటే సైకిల్, హాల్‌టికెట్ అంటే హాల్‌టికెట్, ఎవరి గడి వాళ్లే కుట్టాలి. వంకరగా వచ్చినా విప్పి సరిచేయకండి! ఇప్పుడు ఊళ్లో ఉన్న ఏ పిల్ల పేరూ, ఊరూ, పోలికలూ మాత్రం రాకూడదు, ఆ తర్వాత ఇబ్బంది పడేది ఆ పిల్లే.

అక్షరాలు గొలుసుకుట్టుతో, మూడంగుళాల ఎత్తున. ఒత్తులు లేని మాట తీసుకుంటే కుట్టడమూ తేలిక, రోడ్డు మీంచి చదవడమూ తేలిక: "ఇంకా చదువుకుంటా".

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఆ జేబు. దాన్ని కుట్టి మూసేయకుండా లోపల చీటీలు పెట్టండి. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలని, పిల్లల హెల్ప్‌లైన్ 1098 అని రాస్తే చాలు. అందరి ముందూ నోరు తెరిచి అడగలేని పిల్ల జేబులో చెయ్యి పెట్టి ఒకటి తీసుకుంటుంది. అందుకే ఆ జేబు పిల్లలకు అందే ఎత్తులో ఉండాలి.

పై అంచు గొట్టంలా మడిచి కుట్టి కర్ర దూర్చండి. అంగన్‌వాడీ దగ్గరో, సంతలోనో, అడిగి వేలాడదీయండి, అదీ పరీక్షలు అయ్యాక కాదు, ముహూర్తాలు పెట్టుకోకముందే. కుట్టినవాళ్లలో ఒకరు పక్కనే ఉండి, చీటీలు అయిపోతే మళ్లీ నింపుతూ ఉండాలి.