ఘానా పంటలు, ఖనిజాల మ్యాపు: బట్టీ పట్టకుండా మీరే గీసుకోండి

ఘానాలో కోకో ఎక్కడ పండుతుంది, బంగారం ఎక్కడ తవ్వుతారు అని వెతికితే ఎప్పుడూ ఒక జాబితానే దొరుకుతుంది, ఎడమ వైపు పంట, కుడి వైపు ఊరు. దాన్ని బట్టీ పట్టినా వారం తిరిగేసరికి సగం పోతుంది, ఎందుకంటే ఆ ఊళ్లు అక్కడే ఎందుకున్నాయో జాబితా చెప్పదు. కాబట్టి ఒక తెల్ల కాగితం, నాలుగైదు రంగు పెన్సిళ్లు తీసుకోండి. ముందు వాన గీయండి, తర్వాత రాయి, ఆ తర్వాత రైలు. ఈ వరుస తప్పకపోతే ఊళ్ల పేర్లు చాలావరకు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి.

హద్దులకు పెద్దగా కష్టపడక్కర్లేదు. దేశం దాదాపు నిలువు దీర్ఘచతురస్రం: కింద గినియా సింధుశాఖ, పడమర ఐవరీ కోస్ట్, పైన బుర్కినా ఫాసో, తూర్పున టోగో. సున్నా రేఖాంశం టెమా రేవు మీదుగా పోతుంది, అది మీకు మంచి ఆనవాలు. తూర్పు సగంలో వోల్టా సరస్సును మాత్రం వదలకండి. 1965లో పూర్తయిన అకొసొంబో డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు అవి, విస్తీర్ణం సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు. అది లేకుండా గీస్తే తూర్పు వైపు ఊళ్లన్నీ గల్లంతే.

పాలనా ప్రాంతాల గీతలు మాత్రం లేతగా, చెరిపేయడానికి వీలుగా ఉంచండి. 2018 చివర్లో రెఫరెండం పెట్టి, 2019లో 10 ప్రాంతాలను 16 చేశారు. పాత పుస్తకాల్లోని బ్రాంగ్ అహాఫో ఇప్పుడు బోనో, బోనో ఈస్ట్, అహాఫో అని మూడు ముక్కలు. పాత వెస్టర్న్ రీజియన్‌లోంచి వెస్టర్న్ నార్త్ విడిపోయింది, కోకో ఎక్కువగా పండే సెఫ్వీ ప్రాంతమంతా అటే పోయింది. అందుకే 'కోకో, వెస్టర్న్ రీజియన్' అని రాసుకోకుండా 'కోకో, సెఫ్వీ వియాసో' అని ఊరి పేరుతో రాసుకోండి. ప్రాంతాలు మళ్లీ మారినా ఊరు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు వాన. నైరుతి మూలన ఆక్సిమ్ దగ్గర ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది, అక్కడ ముదురు ఆకుపచ్చ వేయండి. ఈశాన్యానికి జరిగేకొద్దీ రంగు పలచబడాలి. ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు: సముద్రం పక్కనే కదా అని తీరమంతా ఒకే ఆకుపచ్చ పూసేస్తారు. రాజధాని అక్రా ఉన్నది సముద్రం ఒడ్డునే అయినా అక్కడ కురిసేది 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే, గడ్డి, పొదలు ఉన్న పొడి మైదానం అది. ఎక్కడో ఉత్తరాన ఉన్న టమలేలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అయితే టమలేలో పడేది దాదాపు అంతా ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపే, తర్వాత సహారా నుంచి వచ్చే పొడి గాలి, హర్మటాన్, చుక్క తడి లేకుండా చేస్తుంది. దక్షిణంలో వానాకాలం రెండుసార్లు వస్తుంది. సుమారు 8 డిగ్రీల అక్షాంశం దగ్గర అడ్డంగా ఒక గీత గీయండి: కింద రెండు వానాకాలాలు, పైన ఒక్కటే. పంటల మ్యాపులో సగం పని ఈ ఒక్క గీతతోనే అయిపోతుంది.

గీత కింద, ముదురు ఆకుపచ్చలో, కోకో. ఒక చుక్క పెట్టి వదిలేస్తే సరిపోదు, ఎందుకంటే కోకో ఒకచోట కుదురుగా ఉన్న పంట కాదు, తూర్పు నుంచి పడమరకు నడుచుకుంటూ పోయిన పంట. 1879లో టెటే క్వార్షీ అనే ఆయన ఫెర్నాండో పో దీవి నుంచి విత్తనాలు తెచ్చి అక్రాకు ఉత్తరాన మంపాంగ్‌లో నాటాడు. అక్కడి నుంచి ఈస్టర్న్ రీజియన్ అంతా పాకింది, 1911 నుంచి 1970ల దాకా ప్రపంచంలో కోకో ఎక్కువగా పండించే దేశం ఇదే. 1930లలో ఈస్టర్న్‌లో కొమ్మలు ఉబ్బి చెట్టు చచ్చిపోయే వైరస్ తెగులు పట్టుకుంది, నేలా పాతబడింది, రైతులు కొత్త అడవి కోసం అషాంటీకి, అక్కడి నుంచి బ్రాంగ్ అహాఫోకి, చివరికి ఐవరీ కోస్ట్ సరిహద్దు దగ్గరి సెఫ్వీకి జరిగారు. కాబట్టి మంపాంగ్ నుంచి కుమాసీ మీదుగా సెఫ్వీ వియాసో, జువాబోసో దాకా ఒక బాణం గీయండి, తోక పలచగా, తల చిక్కగా. టోగో వైపు హోహో, జసికాన్ దగ్గర చిన్న మచ్చ ఒకటి విడిగా పెట్టండి.

కోకో తోట దగ్గర జరిగేది తెలిస్తే అది తడి అడవికే ఎందుకు అతుక్కుని ఉంటుందో ఇంకా బాగా అర్థమవుతుంది. కాయలను కత్తితో పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో ఉన్న గింజలను కూర అరటి ఆకుల మీద కుప్ప పోసి, పైన మళ్లీ అవే ఆకులు కప్పి, మధ్యమధ్యలో తిరగేస్తూ సుమారు ఆరు రోజులు పులియబెడతారు. ఆ తర్వాత నేలకు ఎత్తుగా కట్టిన వెదురు తడికల మీద ఎండబెడతారు, చేత్తో కలుపుతూ, రాళ్లూ తాలూ ఏరేస్తూ, వాన మబ్బు పడితే పరుగెత్తి చుట్టేస్తూ. ఆ కూర అరటి చెట్లు పక్కనే ఉంటాయి, లేత కోకో మొక్కకు నీడ ఇచ్చేవీ అవే. అంటే మీ మ్యాపులో కోకో ఉన్నచోట కూర అరటి విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

అదే తడి పట్టీలో ఆయిల్ పామ్‌కు కాడే, ట్విఫో, బెన్సో రాసుకోండి, రబ్బరుకు ఆక్సిమ్, టకొరాడీల మధ్య, కొబ్బరికి ఆక్సిమ్ దాటాక న్జీమా తీరం. అనాసకు అక్రాకు దగ్గరి న్సావామ్ చాలు.

8 డిగ్రీల గీతకు అటూ ఇటూ ఉన్న మధ్య పట్టీ దేశానికి అన్నం పెట్టే చోటు. ఎజురా, న్కొరాంజా, టెచిమాన్‌లలో మొక్కజొన్న, కింటాంపో, అటెబుబు, ఇంకా పైకి సలగ, బింబిల్లాలలో పెండలం, పడమర వెంచి, సాంపాలలో జీడిమామిడి. టెచిమాన్‌తో జాగ్రత్త, అది పంట ఊరే కాదు, పెద్ద సంత కూడా. అక్కడి లారీల్లో కనిపించినవన్నీ అక్కడే పండినట్టు రాస్తే ఉత్తరం నుంచి దిగిన సరుకంతా బోనో ఈస్ట్ ఖాతాలో పడిపోతుంది.

ఇంకా పైకి వెళితే జొన్న, సజ్జ, వేరుశనగ, అలసంద. బావ్కూ ఉల్లి. షియా చెట్టుకు మాత్రం చుక్క పెట్టకుండా ఉత్తరమంతా పలచగా గీతలు వేయండి, ఎందుకంటే దాన్ని ఎవరూ తోటగా నాటరు, పొలాల్లో దానంతటదే పెరిగిన చెట్టును కొట్టకుండా ఉంచుతారంతే. రాలిన పండ్లను తెల్లవారుజామునే ఆడవాళ్లు ఏరుకొచ్చి, గింజలు ఉడకబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరి, నీళ్లు పోస్తూ చేత్తో పిసుకుతారు, వెన్న పైకి తేలేదాకా. ప్రపంచమంతా క్రీముల్లో వాడే షియా వెన్న ఇదే.

వాన లెక్కకు లొంగని చోట్లు కొన్ని ఉంటాయి, వాటికి నీలం రంగు వాడండి. నవ్రోంగో దగ్గర టోనో కాలువల కింద వరి, టమాటా, దక్షిణాన క్పోంగ్ డ్యామ్ కింద అసుట్సువారేలో వరి. కేటా దగ్గర సముద్రానికీ మడుగుకూ మధ్య ఉన్న సన్నటి ఇసుక పట్టీ మీద బావులు తవ్వి, నీళ్లు పోసి, చిన్న ఉల్లి పండిస్తారు. అడా దగ్గర సోంగోర్ మడుగులో ఉప్పు, దానికి పొడి వాతావరణమే కావాలి. అక్రా వైపు తీరానికి తక్కువ రంగు వేశారు కదా, ఉప్పు అక్కడ ఎందుకో ఇక వేరే చెప్పాలా?

ఇప్పుడు రెండో కాగితం, దీన్ని మొదటిదాని మీద పెట్టి చూసేలా పలచగా ఉండాలి. నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా రెండు గీతలు గీయండి. ఇవి బిరిమియన్ అనే చాలా పురాతన శిలల పట్టీలు, బంగారం వీటి వెంబడే ఉంటుంది. మొదటి గీత మీద ప్రెస్టియా, టార్క్వా, ఒబువాసి, కొనొంగో వరసగా వచ్చేస్తాయి. దానికి పడమరగా రెండో గీత మీద బిబియానీ, చిరానో, అహాఫోలోని కెన్యాసీ. టార్క్వాలో బంగారం కొంచెం తేడాగా, గులకరాళ్లు కలిసి గట్టిపడిన శిలలో దొరుకుతుంది. ఉత్తరాన బొల్గటంగ దగ్గర టాలెన్సీలో ఒక చుక్క తప్పక పెట్టండి, బంగారమంటే దక్షిణమే అనుకునేవాళ్లు దాన్ని ఎప్పుడూ మర్చిపోతారు.

రైలు మార్గం గీశాక మిగతావి తేలిక. సెకొండీ రేవు నుంచి బయల్దేరిన పట్టాలు 1901కి టార్క్వా, 1902కి ఒబువాసి, 1903కి కుమాసీ చేరాయి. గనుల కోసమే వేసిన దారి అది. టార్క్వా పక్కన న్సుటాలో 1914లో మాంగనీస్ కనిపెట్టేసరికి రైలు అప్పటికే పక్కనే ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం ముగియకముందే తవ్వకం మొదలైపోయింది. అవాసోలో దొరికే బాక్సైట్‌కు, అంటే అల్యూమినియం ముడి ఖనిజానికి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డున్‌క్వా నుంచి విడిగా పట్టాలు వేశారు. బిరిమ్ నది లోయలో అక్వాటియా దగ్గర వజ్రాలు, నగల్లో పెట్టేవి తక్కువ, పరిశ్రమల్లో వాడేవే ఎక్కువ.

గుర్తులు మూడు రకాలు పెట్టుకోండి: తవ్వుతున్న, లేదా ఎన్నో ఏళ్లు తవ్విన గనికి నిండు చుక్క, నిక్షేపం మాత్రమే ఉన్నచోటికి ఖాళీ సున్నా, ఫ్యాక్టరీకి, రేవుకు చదరం. ఇది చేయకపోతే అల్యూమినియం దగ్గర కచ్చితంగా దెబ్బతింటారు. టెమాలో అల్యూమినియం తీసే వాల్కో ఫ్యాక్టరీ 1967 నుంచి ఉంది, అకొసొంబో కరెంటు కోసమే అక్కడ పెట్టారు, కానీ అందులోకి వచ్చిన అల్యూమినా, అంటే బాక్సైట్‌ను శుద్ధి చేస్తే వచ్చే పొడి, విదేశాల నుంచి దిగుమతి చేసుకున్నది. అవాసో ఖనిజమేమో ముడిగానే టకొరాడీ రేవు నుంచి ఓడ ఎక్కేది. అవాసో నుంచి టెమాకు బాణం గీయాలని చెయ్యి దురద పెడుతుంది, గీయకండి.

ఖాళీ సున్నాల్లో న్యినాహిన్, అటేవా కొండల బాక్సైట్, షియెనీ ఇనుము వస్తాయి. అటేవా అడవిలో డెన్సు, బిరిమ్ నదులు పుడతాయి, అక్రాలో కొంత భాగానికి తాగునీరు డెన్సుదే, అందుకే ఆ సున్నాను నింపడం మీద అంత గొడవ. ఎవోయాలో లిథియానికి 2023లో లీజు ఇచ్చారు, ప్రస్తుతానికి దాన్నీ సున్నాగానే ఉంచండి. చమురుకు నేల మీద చోటు వెతక్కండి, జూబిలీ క్షేత్రం కేప్ త్రీ పాయింట్స్‌కు దాదాపు 60 కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉంది, 2007లో కనిపెట్టారు, 2010 డిసెంబరులో ఉత్పత్తి మొదలైంది.

చివరగా రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకోండి. నైరుతిలో కోకో, బంగారం ఒకే చోట పడతాయి. గలాంసే అనే అనుమతి లేని తవ్వకాల్లో కోకో చెట్లు కొట్టేసి నేల తిరగేసేదీ, ప్రా, అంకోబ్రా, ఒఫిన్ నదులు బురద రంగుకు తిరిగిందీ సరిగ్గా ఆ మేరలోనే. ఆ చోటు చుట్టూ ఎర్ర గీత గీయండి.

ఒక మూలన సంవత్సరం కూడా వేయండి. 2020-21లో 10 లక్షల టన్నులు దాటిన కోకో 2023-24కి దాదాపు సగానికి పడిపోయింది. పైగా ఆ లెక్కలు ప్రభుత్వ వ్యవస్థ కొన్న సరుకువి, చెట్టు నుంచి కోసినదానివి కావు, సరిహద్దు దాటి దొంగచాటుగా టోగోకో ఐవరీ కోస్ట్‌కో పోయింది వాటిలో కనిపించదు. సరిహద్దు జిల్లాలకు రంగు వేసేటప్పుడు ఆ అంకెలను చూసి మరీ పలచగా వేయకండి.