బైండింగ్ మిషన్ కొనే ముందు
కర్నూలులో చిన్న ప్రెస్ నడిపేవారు పర్ఫెక్ట్ బైండింగ్ మిషన్ (పుస్తకం వెన్నుకు వేడి జిగురు పూసి అట్ట అతికించేది) కొనాలనుకుంటే, ధర అడగకముందే పుస్తకం వెన్నును గరుకు చేసే కట్టర్ ఉందో లేదో చూడండి. కాగితాల అంచు నూగునూగుగా లేస్తేనే వేడి జిగురు పట్టు దొరుకుతుంది. అది లేకుండా కట్టిన గైడు పరీక్షల లోపే పేజీలు పేజీలుగా ఊడిపోతుంది. డబ్బు పెట్టి కొన్న విద్యార్థికి అది అన్యాయం! మీరు వాడే కాగితంతోనే ఒక పుస్తకం కట్టించండి. పూర్తిగా చల్లారాక మధ్యకు విప్పి, ఒక పేజీని గట్టిగా లాగి చూడండి. జిగురు తొట్టి వేడి సాధారణంగా 160–180 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. సింగిల్ ఫేజ్ కరెంటుతో నడుస్తుందో లేదో కూడా అడగండి. పలుచని కవితా సంపుటాలకైతే మడతలో పిన్ను కొట్టే మిషన్ చాలు.