జీరో దందా లెక్క తేలట్లేదా? సమస్య - పరిష్కారం

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అంకీసా వైపు నుంచి నీడ ఆర్థిక వ్యవస్థ, అంటే సర్కారు లెక్కల్లోకి రాని జీరో దందా మీద ప్రాజెక్టు చేసే పిల్లలకు ఎదురయ్యే చిక్కులివి. బిల్లు లేని సరుకు వేరు, నిషేధం ఉన్న సరుకు వేరు, పన్ను ఎగ్గొట్టిన ఆదాయం వేరు. మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే ఆ తర్వాత ఏ సూత్రం వాడినా లెక్క తేలదు.

సమస్య: అంకె నమ్మలేనంత పెద్దగా వస్తోంది

కారణం: చేతులు మారిన డబ్బంతా ఆదాయమే అనుకున్నారు.

గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. గోదావరి వంతెన అవతల, కాళేశ్వరం వైపు 150 రూపాయలకు కొన్న క్వార్టర్ ఇవతల 250కి అమ్ముడైందనుకోండి. చాలామంది 250 రాసేస్తారు. ఆ 150 ఇప్పటికే తెలంగాణ లెక్కల్లో ఉంది, ఎక్సైజు పన్ను కూడా కట్టేశారు. మనకు మిగిలేది 100. బండి పెట్రోలుకు 20 పోతే 80. అందులోంచి ఎవరికో 30 మామూలు ఇచ్చారా? దాన్ని తీసెయ్యకండి, విడిగా మళ్లీ కలపకండి. అది ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోయిందే గానీ కొత్తగా పుట్టింది కాదు.

ఇప్పసారా సంగతి వేరు. పువ్వు ఏరింది ఇక్కడే, కాచిందీ ఇక్కడే. బయట కొన్న బెల్లం ఖర్చు తీసేస్తే మిగతాదంతా ఇక్కడి ఉత్పత్తే. చట్టవిరుద్ధమని వదిలేయక్కర్లేదు. ఇద్దరూ ఇష్టపడి చేసిన వ్యవహారమైతే అది ఉత్పత్తే అంటుంది ఐక్యరాజ్యసమితి జాతీయ ఖాతాల పద్ధతి. దొంగతనం, బెదిరించి వసూలు చేసింది మాత్రం లెక్కలోకి రావు.

పరిష్కారం: ప్రతి సరుకుకూ అమ్మిన ధర, బయట పెట్టిన ఖర్చు పక్కపక్కనే రాయండి. ఎంత అమ్ముడైందో అమ్మేవాళ్లను అడిగి లాభం లేదు. ఇళ్లలో వారానికి ఎంత కొన్నారో అడగండి. పేర్లు రాసుకోకండి. కాగితం మీద పేరు పడుతోందంటే ఊరంతా ఒక్కసారిగా మందు మానేస్తుంది.

సమస్య: నోట్ల లెక్కలో దందా పెరిగింది, ఊళ్లో చూస్తే పడిపోయింది

కారణం: నోట్ల లెక్క అంటే చలామణిలోని నోట్లను బట్టి దందాను అంచనా వేసే పద్ధతి. పన్ను తప్పించుకునేవాళ్లు నోట్లే వాడతారు కాబట్టి, మామూలుగా అవసరమైన వాటికంటే ఎక్కువున్న నోట్లన్నీ దందావే అనేది దీనికి పునాది. 1958లో ఫిలిప్ కేగన్ అనే ఆర్థికవేత్త మొదలుపెట్టాడు, తర్వాత వీటో టాంజీ అనే ఇంకో ఆర్థికవేత్త దాన్ని పెంచాడు. కానీ నోట్లు భయంతోనూ పెరుగుతాయి. 2020-21లో చలామణిలోని నగదు జీడీపీలో 14 శాతం దాటింది. కరోనా టెన్షన్‌కు జనం డబ్బు ఇంట్లో పెట్టుకున్నారు, పైగా ఆ ఏడాది జీడీపీయే తగ్గింది. మన దగ్గరైతే మే నెలలో తునికాకు డబ్బు రాగానే నోట్లు పొంగుతాయి. అందులో దొంగసొమ్మేమీ లేదు, ఎండలో ఆకు తెంపిన కూలి.

పరిష్కారం: నెల లెక్క కాదు, ఏడాది సగటు తీసుకోండి. నోట్ల రద్దు జరిగిన 2016 నవంబరుకు ముందూ వెనకా ఒకే గీత గీయకండి. రద్దయిన నోట్లలో 99.3 శాతం బ్యాంకులకు తిరిగొచ్చాయి. దాచిన సంపదంతా నోట్ల రూపంలోనే ఉంటుందనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది. నోటు ఏడాదికి ఎన్ని చేతులు మారుతుందన్న దానికి రెండు మూడు విలువలు పెట్టి చూడండి. ఫలితం ఊగిపోతే ఒక్క అంకె ఇవ్వకండి, ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని రాయండి.

సమస్య: నోట్ల లెక్క, మిమిక్ రెండూ ఒకే అంకె ఇచ్చాయి

సంబరపడకండి. మిమిక్ అనే పద్ధతి పన్నులు, నిరుద్యోగం లాంటి కారణాల నుంచి పెరుగుదల, తగ్గుదల మాత్రమే చెబుతుంది. దాన్ని శాతంగా మార్చాలంటే ఏదో ఒక ఏడాదికి వేరే పద్ధతి అంకెను అరువు తేవాలి. 158 దేశాలకు 1991 నుంచి 2015 వరకు సగటు 31.9 శాతమని మెదీనా, ష్నైడర్ అనే ఆర్థికవేత్తలు చెప్పింది ఈ పద్ధతితోనే. మీరు అరువు తెచ్చింది నోట్ల లెక్క నుంచే అయితే రెండూ కలవక ఏం చేస్తాయి?

సమస్య: పాత అంచనాతో పోలిక కుదరట్లేదు

1983-84కు జీడీపీలో 18-21 శాతమన్న ఎన్‌ఐపీఎఫ్‌పీ (ఢిల్లీలోని ప్రభుత్వ ఆర్థిక విధానాల పరిశోధన సంస్థ) అంచనా పన్ను పడాల్సి ఉండీ చూపని ఆదాయం గురించి. సారా కాచే ఇల్లు అందులో లేదు. నిర్వచనం ఒకటే అయితేనే పక్కపక్కన పెట్టండి.

సమస్య: కరెంటు వాడకంతో కొలిస్తే ఏమీ కనిపించట్లేదు

కట్టెల పొయ్యికి మీటరు ఉండదు. మన తాలూకాకు ఆ పద్ధతి వదిలేయండి.