క్లాసు వీడియోని నలుగురు టీచర్లు కలిసి పరిశీలించాలంటే

ముందు తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి, వద్దన్న వాళ్ల పిల్లల్ని కెమెరాకి అందని బెంచీల్లో కూర్చోబెట్టండి. వేర్వేరు దేశాల లెక్కలు, సైన్స్ క్లాసుల్ని వీడియో తీసి పోల్చిన 1999 టిమ్స్ వీడియో అధ్యయనంలో రెండు కెమెరాలు వాడారు, ఒకటి టీచర్ మీద, ఇంకోటి పిల్లల మీద. మనకి స్టాండ్ మీద ఒక ఫోన్ చాలు గానీ మైకు మాత్రం టీచర్ కాలర్‌కి ఉండాల్సిందే, ఫ్యాన్ల చప్పుడులో మాటలు వినపడకపోతే ఆ వీడియో ఎందుకూ పనికిరాదు.

పీరియడ్ మొత్తం చూడకండి. పది నిమిషాల ముక్క, ఒకటే సంగతి: ప్రశ్న అడిగాక టీచర్ ఎన్ని సెకన్లు ఆగారు? ఎవరికి వాళ్లు టైముతో సహా రాసుకుని, ఆ తర్వాతే పోల్చుకోండి. లెక్కలు కలవకపోతే ఇంకా మంచిది, మధ్యలో "ఊఁ, చెప్పు" అంటే అది ఆగినట్టా కాదా అన్న అసలు చర్చ అక్కడే మొదలవుతుంది.

పాఠం చెప్పిన టీచరే మొదట మాట్లాడాలి. పై అధికారులు దీంతో మార్కులేస్తారని తెలిస్తే ఎవరూ మామూలుగా చెప్పరు కాబట్టి ఫైల్ వాట్సాప్ గ్రూపుల్లో అస్సలు పెట్టొద్దు.