ఇరవై దాటాక నత్తి మొదలైందా? ఎలా గుర్తించాలి?

బెంగళూరు సిటీ బస్సులో మారతహళ్లిలో దిగాల్సిన కుర్రాడు కండక్టరును దొడ్డనెక్కుందికి టికెట్ అడుగుతాడు. 'మ' అనబోతే పెదవులు అతుక్కుపోతున్నాయి మరి. నాలుగు రూపాయలు ఎక్కువైనా పరవాలేదనుకుంటాడు. పెద్దయ్యాక వచ్చిన నత్తి ఇలాంటి దాటవేతల వెనక చాలాకాలం దాక్కోగలదు.

అన్నిటికంటే ముందు ఒక మాట. నత్తి ఉన్నట్టుండి వచ్చి, దానితోపాటు మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా ఈ వ్యాసం చదువుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.

అలాంటిదేమీ లేకపోతే, మొదట జరుగుతున్నదేమిటో గమనించండి. క-క-కాఫీ అని అక్షరం మళ్లీమళ్లీ వస్తోందా, స్‌స్‌సర్ అని సాగుతోందా, గొంతు దగ్గరే ఆగిపోతోందా? 'అంటే', 'అదే' అని తడుముకోవడం అందరికీ ఉన్నదే. ఇంగ్లీషు మాట గుర్తుకురాక ఆగడమూ నత్తి కాదు. మాట తెలుసు, నోరు కదలదు: చూడాల్సింది అది. సొంత పేరు దగ్గర చాలామంది దొరికిపోతారు, దానికి బదులు మాట ఉండదు కదా.

తర్వాత ఫోనులో రికార్డు చేసుకోండి. ఇంటికి చేసే ఫోను, ఆఫీసు మీటింగులో మీ వంతు, ఆటో డ్రైవరుతో వచ్చీరాని కన్నడం, అన్నిట్లో మీ గొంతు ఉండాలి. పేపర్లో ఒక పేరా అయిదుసార్లు పైకి చదవండి. చిన్ననాటి నత్తి సాధారణంగా చదివేకొద్దీ తగ్గుతుంది, పాడితే దాదాపు పోతుంది. మెదడుకు దెబ్బ తగిలి వచ్చినదాంట్లో ఆ తేడా తరచూ కనిపించదు. ఇది ఆనవాలు మాత్రమే, తీర్పు కాదు.

అమ్మను అడగండి. నత్తి ఎక్కువగా రెండు నుంచి అయిదేళ్ల మధ్య మొదలవుతుంది, చాలామందికి దానంతటదే పోతుంది. మీకు కొత్తగా అనిపించేది ఆ పాతదే తిరిగి రావడం కావచ్చు. ఈలోగా వస కొమ్ము అరగదీసి నాకమనే పెద్దమ్మలు ఉంటారు, విని ఊరుకోండి.

బండి మీద నుంచి పడ్డారా? ఫిట్స్‌కో, మానసిక సమస్యకో కొత్త మాత్రలు మొదలుపెట్టారా? తేదీలు రాసుకోండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.

"టెన్షన్ అంతే, తగ్గిపోతుంది" అనేవారి మాట మీద ఆగిపోవద్దు. ఒత్తిడి వల్ల వచ్చే నత్తి ఉంది, అది నటనా కాదు. కానీ ఆ నిర్ణయం న్యూరాలజిస్టు పరీక్షించాక జరగాలి. ఆ తర్వాత స్పీచ్ థెరపిస్టు. బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో రెండు విభాగాలూ ఉన్నాయి. పరీక్ష ఇంగ్లీషులోనో కన్నడంలోనో జరిగితే, మీ తెలుగు రికార్డింగు కూడా వినమని అడగండి.