సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు: మీ బడ్జెట్‌కు తగ్గది ఎలా ఎంచుకోవాలి?

నీళ్లలో గేదెను పెట్టి బేరమాడినట్టు అంటారు. వాడిన ఎలక్ట్రిక్ కారు బేరం అచ్చం అలాగే ఉంటుంది. పెయింటు కనిపిస్తుంది, సీట్లు కనిపిస్తాయి, టైర్లు కనిపిస్తాయి. ధరలో పెద్ద వాటా మింగేసిన బ్యాటరీ మాత్రం కారు అడుగున మూసిన పెట్టెలో పడుంటుంది. పెట్రోలు బండైతే స్టార్ట్ చేసి చప్పుడు విని, పొగ రంగు చూసి మెకానిక్ సగం జాతకం చెప్పేస్తాడు. ఇక్కడ చప్పుడూ లేదు, పొగా లేదు. గేదెను గట్టెక్కించి చూడాలంటే వేరే పద్ధతి కావాలి.

అందుకే మొదట ప్రకటనలు చూడటం ఆపేయండి. కాగితం, కలం తీసుకోండి.

1. మీ తిరుగుడు ఎంతో రాసుకోండి

ఒక వారం పాటు రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో రాయండి. ఊహించి కాదు, ఇప్పుడున్న బండి మీటరు చూసి రాయండి. చాలామంది తాము తిరిగేదానికి రెట్టింపు తిరుగుతున్నామనుకుంటారు. ఆ భయంతోనే పెద్ద బ్యాటరీకి డబ్బు పోస్తారు. ఏడాదికి రెండుసార్లు చేసే దూరప్రయాణం కోసం మిగతా రోజులన్నీ అదనపు బరువు మోసే కారు కొనడం నా లెక్కలో దండగ. ఆ రెండుసార్లూ దారిలో ఆగి చార్జ్ చేసుకోవచ్చు, లేదా వేరే బండి అద్దెకు తీసుకోవచ్చు.

రాత్రిపూట కారు ఎక్కడ నిలుపుతారు, అక్కడ ప్లగ్గు ఉందా అన్నది రెండో ప్రశ్న. ఉంటే చిన్న బ్యాటరీ కారు కూడా హాయిగా నడిచిపోతుంది. లేకపోతే, వారానికి రెండుసార్లు బయటి చార్జరే దిక్కయితే, పెద్ద బ్యాటరీ, వేగంగా చార్జయ్యే గుణం రెండూ కావాలి. ఆ రెండింటికీ బడ్జెట్ పెంచక తప్పదు.

2. బ్రోచర్‌లోని రేంజ్‌ను పక్కన పెట్టి, మీరే లెక్క వేయండి

కంపెనీ చెప్పే రేంజ్, అంటే నిండు చార్జ్‌కి కారు పోయే దూరం, ప్రయోగశాల అంకె. ఐరోపాలో 2017 సెప్టెంబరు నుంచి ఎన్‌ఈడీసీ అనే పాత పరీక్ష స్థానంలో డబ్ల్యుఎల్‌టీపీ వచ్చింది. పాత పద్ధతి అంకెలు బాగా ఉదారంగా ఉండేవి. పాత కారు, కొత్త కారు ప్రకటనలను పక్కపక్కన పెట్టి పోలిస్తే, వేర్వేరు తూకాలతో తూచిన సరుకును పోల్చినట్టే.

లెక్క కష్టమేమీ కాదు. బ్యాటరీ సామర్థ్యాన్ని కిలోవాట్ అవర్లలో చెబుతారు, అంటే మన కరెంటు బిల్లులోని యూనిట్లే. ఉదాహరణకు కొత్తప్పుడు 40 యూనిట్లు వాడుకోగలిగిన బ్యాటరీ అనుకుందాం. ఇప్పుడు దాని ఆరోగ్యం 88 శాతం ఉంటే మిగిలింది సుమారు 35 యూనిట్లు. కారు 100 కిలోమీటర్లకు 16 యూనిట్లు తింటే, నిండు చార్జ్‌కి 220 కిలోమీటర్లు. కానీ రోజూ నూటికి నూరు శాతం నింపి అడుగంటా ఖాళీ చేయరు కదా. 80 నుంచి 15 శాతం మధ్య వాడతారనుకుంటే, చేతికొచ్చేది 140 కిలోమీటర్ల చిల్లర. హైవే మీద వేగంగా పోయి 100 కిలోమీటర్లకు 20 యూనిట్లు తిన్నదనుకోండి, అదే 115కి దిగుతుంది. గట్టి చలిలో హీటరు వేస్తే ఇంకొంత కోత.

ఈ చివరి అంకె మీ వారం లెక్కలోని పెద్ద రోజుకు సరిపోతే చాలు. అంతకంటే పెద్ద బ్యాటరీ అవసరం కాదు, సరదా. సరదాకీ తప్పు లేదు, దాని ధర వేరుగా కనిపించాలి అంతే.

3. బడ్జెట్ మొత్తాన్నీ కారుకే పెట్టకండి

నూరు ఉంటే ఎనభై అయిదుకు కారు చూడండి. మిగతాది ఇంట్లో చార్జర్ లేదా వైరింగు, బీమా, టైర్లు ఎగరేసుకుపోతాయి. ఎలక్ట్రిక్ కార్లు బరువెక్కువ, పికప్ కూడా ఎక్కువ, కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి. అరిగిన నాలుగు టైర్లతో వచ్చిన కారును చవకగా కొన్నామనుకోవడం కాస్త అమాయకత్వం.

వయసు సంగతికొస్తే, నా ఓటు మూడు నాలుగేళ్ల కారుకే. కొత్త ఎలక్ట్రిక్ కారు ధర మొదటి మూడేళ్లలోనే బాగా జారుతుంది, ఆ దెబ్బ మొదటి యజమాని తిన్నాడు. బ్యాటరీ కూడా మొదట్లో కాస్త గబగబా తగ్గి, తర్వాత నెమ్మదిస్తుంది. ఆ మొదటి తరుగూ ఆయన ఖాతాలోనే పోయింది. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, గ్యారంటీ ఇస్తాయి. ఆ గడువులో సామర్థ్యం 70 శాతం కంటే పడిపోతే బాగుచేయడమో మార్చడమో చేస్తామంటాయి. నాలుగేళ్ల కారు కొంటే సగం గడువు మీ చేతికొస్తుంది. ఏడున్నరేళ్ల కారు ఎంత చవకైనా ఆ రక్షణ లేకుండానే కొంటున్నట్టు లెక్క.

4. బ్యాటరీ రకం, చల్లబరిచే పద్ధతి, పాత చరిత్ర

ఇక్కడ మోడల్ పేరు ముఖ్యం. 2010 చివర్లో మార్కెట్లోకి వచ్చిన నిస్సాన్ లీఫ్‌నే తీసుకోండి. మొదటి లీఫ్‌లలో 24 యూనిట్ల బ్యాటరీ, దాన్ని చల్లబరచడానికి ద్రవం తిరిగే ఏర్పాటు లేదు. వేడి ప్రాంతాల్లో తిరిగినవి త్వరగా నీరసించాయి. అలాంటి కారు చల్లని చోట పెరిగిందా, ఎండల్లో పెరిగిందా అన్నది మీటరులోని కిలోమీటర్ల కంటే ఎక్కువ చెబుతుంది. ఒక మేలు మాత్రం ఉంది. లీఫ్ డాష్‌బోర్డు మీద చార్జ్ గీతల పక్కన సామర్థ్యానికి విడిగా 12 గీతలు ఉంటాయి. మొదటి గీత పోయేటప్పటికే సామర్థ్యం దాదాపు 15 శాతం తగ్గినట్టు. "ఒక్క గీతే కదా పోయింది" అని అమ్మేవాడు అన్నప్పుడు ఇది గుర్తు తెచ్చుకోండి.

రసాయనంలోనూ తేడా ఉంది. ఎల్‌ఎఫ్‌పీ అనే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఎక్కువ చార్జింగులకు ఓర్చుకుంటాయి. వాటిని అప్పుడప్పుడూ వంద శాతం నింపమని కంపెనీలే చెబుతాయి, లేకపోతే మిగిలిన చార్జ్ ఎంతో కారుకే సరిగా తెలియదు. గట్టి చలిలో మాత్రం కాస్త మందగిస్తాయి. నికెల్ కలిసిన ఎన్‌ఎంసీ బ్యాటరీలు అదే బరువులో ఎక్కువ దూరం ఇస్తాయి, కానీ వాటిని రోజూ వంద శాతం నింపి ఎండలో వదిలేయడం మంచిది కాదు. అందుకే తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోకండి. మూడేళ్లు నిండా చార్జ్ చేసి ఎండలో పడేసిన కారు కంటే, రోజూ నడిచిన కారు బ్యాటరీయే మెరుగ్గా ఉండొచ్చు.

రీకాల్ చరిత్ర కూడా వెతకండి. బ్యాటరీ నిప్పంటుకునే ప్రమాదం వల్ల 2021లో షెవర్లే బోల్ట్ కార్లన్నిటినీ వెనక్కి పిలిచారు. హ్యుండాయ్ కోనా ఎలక్ట్రిక్‌కు కూడా అలాంటి పిలుపే వచ్చింది. రీకాల్ అనగానే పారిపోనక్కరలేదు. పిలుపు కింద బ్యాటరీ కొత్తది వేయించుకున్న పాత కారంటే, పాత ధరకు కొత్త గుండె దొరికినట్టే. ఛాసిస్ నంబరుతో ఆ పని నిజంగా పూర్తయిందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి తేల్చుకోండి.

ఇంకో చిక్కుముడి: కొన్ని కార్లు బ్యాటరీ అద్దె పద్ధతిలో అమ్ముడయ్యాయి. ఐరోపాలో రెనో జోయి పాత కార్లు చాలా అలాంటివే. కారు మీది, బ్యాటరీ కంపెనీది, నెలనెలా అద్దె. ధర మరీ చవకగా కనిపిస్తే మొదట ఈ ప్రశ్నే అడగండి.

5. బ్యాటరీ ఆరోగ్యాన్ని స్వయంగా తేల్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ పనికి పెట్టండి. డాష్‌బోర్డు మీద "ఇంకా 260 కిలోమీటర్లు" అని కనిపించే అంకెను నమ్మొద్దు. నేనొకసారి నమ్మాను. ఆ అంకె బ్యాటరీ గురించి చెప్పేది కొంచెమే, ఇంతకుముందు నడిపినవాడి పాదం గురించి చెప్పేది ఎక్కువ. అమ్మేవాడు వారం పాటు నెమ్మదిగా నడిపితే అది పెరుగుతుంది. నేను పది కిలోమీటర్లు వేగంగా తోలేసరికి ఇరవై నాలుగు తగ్గింది.

సులువైన దారి, సర్వీస్ సెంటర్ నుంచి బ్యాటరీ ఆరోగ్య నివేదిక అడగడం. అందులో ఎస్‌ఓహెచ్ శాతం, అంటే కొత్తప్పటి సామర్థ్యంలో ఇంకా ఎంత మిగిలిందో, ఉంటుంది. అది దొరక్కపోతే, కారు ఓబీడీ పోర్టుకు (మెకానిక్‌లు కారును పరీక్షించే సాకెట్‌కు) తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం, ఆ మోడల్‌కు తగిన యాప్ తీసుకెళ్లండి. సగటు శాతంతో ఆగకుండా, బ్యాటరీ లోపలుండే చిన్న చిన్న సెల్‌ల వోల్టేజీలు కూడా చూడండి. చార్జ్ 15, 20 శాతానికి దిగినప్పుడు ఒక్క సెల్ గుంపు మిగతావాటి కంటే బాగా కిందికి జారితే జబ్బు అక్కడే. నిండు చార్జ్‌లో అదేమీ కనిపించదు. కారు చూడటానికి వెళ్లేసరికి అమ్మేవాడు వంద శాతం నింపి ఉంచితే, దాన్ని మర్యాద అనుకోవచ్చు, జాగ్రత్త అనీ అనుకోవచ్చు.

ఏ పరికరమూ లేకుండా చేయగల పరీక్ష ఒకటుంది. చార్జ్ 20 శాతం దగ్గర ఉన్నప్పుడు ఇంటి కరెంటుతో నడిచే మామూలు ఏసీ చార్జర్‌కు పెట్టి 80 వరకు నింపండి. కరెంటు మీటరు ఎన్ని యూనిట్లు చూపించిందో రాసుకోండి. 24 అనుకుందాం. ఏసీ చార్జింగులో పదోవంతు దాకా వేడిగా పోతుంది, కాబట్టి లోపలికి చేరింది 21.6. ఇది బ్యాటరీలో 60 శాతం గనక, 0.6తో భాగిస్తే మొత్తం 36 యూనిట్లు. కొత్తప్పుడు వాడుకోగల సామర్థ్యం 40 అయితే ఆరోగ్యం 90 శాతం. వృథా ఎంతో మనం అంచనా వేశాం కాబట్టి ఇందులో నాలుగైదు శాతం అటూఇటూ ఉంటుంది. అయినా 90 అని చెప్పిన కారు 72గా తేలితే దొరికిపోతుంది. ఒక జాగ్రత్త: బ్రోచర్‌లో ఉండే పెద్ద అంకె మొత్తం సామర్థ్యం కావచ్చు, మీకు కావలసింది వాడుకోగల సామర్థ్యం. రెండూ కలిపేస్తే మంచి కారు కూడా జబ్బుదిలా కనిపిస్తుంది.

6. ప్లగ్గు కుదరాలి

మీరు తిరిగే దారుల్లోని చార్జర్లకు ఆ కారు పోర్టు సరిపోతుందా? పాత లీఫ్‌లో వేగపు చార్జింగుకు చాడెమో అనే రకం పోర్టు ఉంటుంది. ఐరోపా, ఉత్తర అమెరికాల్లో కొత్త కార్లు దాన్ని వదిలేశాయి కాబట్టి అక్కడ ఆ చార్జర్లు పెరగడం లేదు. కొన్ని చవక వేరియంట్లలో వేగపు చార్జింగు పోర్టే ఉండదు. ఇంటి చార్జింగులో కారు లోపలి చార్జర్ ఎంత లాగగలదో చూడండి. 3.3 కిలోవాట్లదైతే 40 యూనిట్లు నింపడానికి పన్నెండు గంటల పైమాట, 7 కిలోవాట్లదైతే ఆరేడు గంటలు. చూసిన రోజే మామూలు ఏసీ చార్జింగు, వేగపు చార్జింగు రెండూ పెట్టి చూడండి. చార్జర్ గోడకు పదకొండు కిలోవాట్లని రాసి ఉన్నా, కారు తీసుకునేది తనకు చేతనైనంతే.

7. మిగతా శరీరం

కారును లిఫ్ట్ మీద ఎత్తించి బ్యాటరీ పెట్టె అడుగు చూడండి. రాయి తగిలిన సొట్ట, తుప్పు, కొత్తగా పూసిన రంగు ఉంటే ఆగి అడగండి. నారింజ రంగు తీగలు హై వోల్టేజ్‌వి, వాటికి టేపు చుట్టి కనిపిస్తే అక్కడి నుంచే ఇంటికి వచ్చేయండి. వరదనీటిలో మునిగిన కారు ఏ ధరకూ వద్దు.

రీజెన్ బ్రేకింగ్ (మోటారే కారును నెమ్మదింపజేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపడం) వల్ల బ్రేకు ప్యాడ్‌లు తక్కువగా అరుగుతాయి, అది లాభం. వాడక తగ్గి డిస్క్‌లు తుప్పు పట్టడం దాని వెనకున్న నష్టం. ఖాళీ రోడ్డు మీద కాస్త గట్టిగా బ్రేకు వేసి చూడండి. మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీని అందరూ మరచిపోతారు. అది పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేలుకోదు. ఏసీ, హీటరు రెండూ కచ్చితంగా వేసి చూడండి. చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఆ ఏసీ వ్యవస్థే.

8. డబ్బు ఇచ్చే ముందు, ఇచ్చాక

బ్యాటరీ గ్యారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందా, సర్వీసులు తప్పిపోతే రద్దయ్యే షరతేమైనా ఉందా అన్నది రాతలో తీసుకోండి. బేరంలో శాతాలే మాట్లాడనివ్వండి: ప్రకటనలో 92, మీ పరీక్షలో 84 అయితే ఆ ఎనిమిదికీ ధర తగ్గాలి. ప్రకటనలో ఊరించిన సాఫ్ట్‌వేర్ సదుపాయాలు కారుతో వస్తాయా, పాత యజమాని ఖాతాతో పోతాయా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

తాళం చేతికిచ్చాక ఆయన ఎదురుగానే యాప్‌లో ఆయన ఖాతా తీసేయించి మీది పెట్టించండి. లేకపోతే ఆయన ఫోనులో మీ కారు ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది, కొన్ని కార్ల తలుపులూ తెరుచుకుంటాయి. చార్జింగ్ కేబుల్, రెండో తాళం అడిగి తీసుకోండి, విడిగా కొంటే రెండూ ఖరీదే. మొదటి వారంలోనే 20 నుంచి 80 పరీక్ష మళ్లీ ఒకసారి చేసి, తేదీ వేసి అంకె రాసిపెట్టుకోండి. ఏడాది తర్వాత గ్యారంటీ అడగాల్సి వస్తే పోల్చి చూపడానికి ఆ అంకె పనికొస్తుంది.